తాళం వేసిన ఇంట్లో మైమూన్

నల్లబల్ల వైపు పూర్తిగా తిరిగి రాయడం ఎస్తర్ ఎప్పుడో మానేసింది. రాయాల్సి వచ్చినప్పుడు ఒంటిని పక్కకు తిప్పి, ఒక కన్ను తలుపు మీదే ఉంచి రాసేది. అక్షరాలు ఏటవాలుగా కిందికి జారిపోయేవి. మూడో తరగతి పిల్లలు తల వంచి చదవడానికి అలవాటుపడిపోయారు.

ఆమె భయమంతా మైమూన్ గురించే.

జమ్మలమడుగు చివర, ముద్దనూరు రోడ్డు పక్కన ఉంది ఆ ప్రభుత్వ బడి. గేటుకు ఒక రెక్కే మిగిలింది. రెండో రెక్క బాగు చేయించమని హెడ్మాస్టర్ ఎన్నిసార్లు అడిగినా నిధులు వచ్చాక చూద్దామనే మాటే. ఆ ఖాళీలోంచి చూస్తే రోడ్డు, రోడ్డు మీద నాపరాళ్ల లారీలు. మైమూన్‌కు ఎనిమిదేళ్లు. మాట రాదు. పిలిస్తే పలకదు. గట్టిగా పిలిస్తే చెవులు మూసుకుని పరిగెత్తుతుంది. నీళ్లు కనిపిస్తే చాలు, కుళాయైనా, గుంటైనా, డ్రైనేజీ కాలువైనా, ఇక ఆ పిల్లకు లోకం పట్టదు.

కిందటేడు దాకా ఇంత భయం లేదు. బడి ఆవరణలోనే ఒక గదిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం నడిచేది. పెంచలమ్మ అనే ఆయా ఉండేది. పొద్దున్నే ఆటోలో మైమూన్‌ను ఇంటి దగ్గర ఎక్కించుకొచ్చి, సాయంత్రం మళ్లీ దించి వచ్చేది. ఆమె చిటికెన వేలు దొరికితే ఆ పిల్ల ఎక్కడికీ కదిలేది కాదు. జీవరత్నం సారు రోజూ వచ్చి బొమ్మల అట్టలతో పాఠం చెప్పేవాడు. దాహమైతే గ్లాసు బొమ్మ తీసి చేతిలో పెట్టడం మైమూన్‌కు నేర్పింది ఆయనే. జూన్‌లో బడి తెరిచేసరికి ఆయా పోస్టుకు మంజూరు రాలేదన్నారు. ఆటో ఖర్చు కూడా ఆగిపోయింది. జీవరత్నం సారుకు ఇంకో రెండు మండలాలు అప్పజెప్పారు. వారంలో ఒక్క బుధవారమే ఆయన ముఖం కనిపించేది. కేంద్రం గదికి తాళం పడింది. మైమూన్ వచ్చి ఎస్తర్ తరగతిలో కూర్చుంది.

ఎస్తర్‌కు ఆ పిల్లంటే ఇష్టం లేకపోలేదు. కానీ పొద్దున్నే మైమూన్ తల్లి కౌసర్ పాపను గేటు దగ్గర వదిలి ప్రొద్దుటూరు బస్సు కోసం పరిగెత్తే దృశ్యం చూసిన క్షణం నుంచి, సాయంత్రం ఆమె మళ్లీ కనిపించేదాకా ఎస్తర్ చెవి రోడ్డు మీదే ఉండేది. రోడ్డు మీద హారన్ మోగితే తలుపు వైపు చూసేది. హారన్ మోగకపోయినా చూసేది.

ఆగస్టులో ఒకనాడు మధ్యాహ్న భోజనాల వేళ, ఒక పిల్లాడు తిన్నదంతా కక్కుకున్నాడు. ఎస్తర్ వాడి ముఖం కడిగి, చొక్కా తుడిచి తలెత్తింది. మైమూన్ కూర్చున్న చోట పళ్లెం ఉంది, మైమూన్ లేదు.

పేరు పెట్టి అరవబోయి ఆపుకుంది. అరిస్తే ఇంకా పరిగెత్తుతుంది. గేటు వైపు నడవబోతుంటే బ్రేకుల కీచు వినిపించింది. లారీ ముందు ఏముందో తెలుసుకోవడానికి ఆ కొద్ది దూరం ఎట్లా నడిచిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు.

మైమూన్ బంపరుకు మూరెడు దూరంలో గొంతుక్కూర్చుని ఉంది. ఇంజను కిందినుంచి కారుతున్న నీటి చుక్కల కింద అరచెయ్యి పెట్టి, ఒక్కో చుక్కా పడినప్పుడల్లా భుజాలు ఎగరేస్తోంది. డ్రైవరు కిందికి దిగి ఎస్తర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏందమ్మా ఇది? పిల్లోళ్లను రోడ్ల మీదికి తోలేసి మీరు లోపల ఏంజేస్తాండారు? నా బతుకు ఈ పొద్దు తెల్లారిపోయేది గదా!"

ఎస్తర్ పిల్లను ఎత్తుకుంటే ఆ తడి అరచెయ్యి ఆమె మెడకు తగిలింది.

సాయంత్రం హెడ్మాస్టర్ తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా చెప్పాడు. మంచివాడే. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. "ఎస్తరమ్మా, దేవుడు కాపాడినాడు. రెండోసారి కాపాడతాడని రాసిచ్చింది ఎవురు? ఇంటి దగ్గరే చదువు చెప్పే పద్ధతి ఒగటి ఉండాది. ఈ పాపను బడిలో పెట్టుకోలేమని క్లాస్ టీచరు రాసి, తల్లి సంతకం పెడితే అయిపాయె. జీవరత్నం వారానికొకసారి ఇంటికే పోతాడు."

ఇంట్లో భర్త వినోద్ కుమార్ కూడా అదే అన్నాడు. ముద్దనూరు దగ్గరి విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం అతనిది. ప్రమాదం జరిగిన తర్వాత మొదట ఎవరి పేరు అడుగుతారో అతనికి బాగా తెలుసు. "రాసియ్యి ఎస్తర్. రేప్పొద్దున ఏమన్నా అయితే మొదట నిన్నే పట్టుకుంటారు. గేటు ఎందుకు లేదు, ఆయా ఎందుకు లేదు అని ఎవురూ అడగరు."

ఎస్తర్ రాసింది. రెండే వాక్యాలు, ఒక్క కొట్టివేత కూడా లేదు. సంతకానికి వచ్చిన కౌసర్ నల్ల బురఖా ముసుగు పైకి తీసి, బల్ల మీదికి వంగి తెలుగులో పేరు రాసింది. భర్త కువైట్‌లో డ్రైవరు, అతను పంపేది అప్పులకే సరిపోతుంది. తాను ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో చీరలు మడతపెట్టే పనికి పోతుంది.

"ఇంటికొచ్చి చెప్తారు గదా మేడం?" అంది కౌసర్.

"బుధవారం బుధవారం సారు వస్తాడు."

"మిగతా దినాలు?"

ఎస్తర్ కాగితం మడిచి ఫైలులో పెట్టింది. కౌసర్ పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఎస్తర్ నల్లబల్ల వైపు పూర్తిగా తిరిగి, గుండ్రటి అక్షరాలతో పాఠం పేరు రాసింది. రెండు నెలల తర్వాత అన్నం రుచిగా అనిపించింది. ఆ నిశ్చింత నాలుగు రోజులు కూడా నిలవలేదు. "మిగతా దినాలు?" అన్న మాట, పాఠం మధ్యలో, కూర తరుగుతుండగా, చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు, పక్కన ఎవరో అడిగినట్టే వినిపించేది.

ఒక శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి ఎస్తర్ కౌసర్ వాళ్లుండే ఏటిగడ్డ కాలనీకి వెళ్లింది. పెన్న ఒడ్డున, రోడ్డు కంటే పల్లంలో ఉండే వీధి అది. రేకుల ఇళ్లు, మధ్యమధ్యలో స్లాబు ఇళ్లు. కౌసర్ ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది. ప్రొద్దుటూరు నుంచి ఇంకా రాలేదేమో, పాపను బంధువుల దగ్గర వదిలి ఉంటుంది అనుకుని తిరగబోతుంటే లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. దాని కింద సన్నగా, ఆగకుండా ఒక మూలుగు లాంటి రాగం. మైమూన్ తనలో తాను పాడుకునే రాగం.

కిటికీ రెక్క ఓరగా ఉంది. ఎస్తర్ లోపలికి చూసింది.

మైమూన్ నేల మీద కూర్చుని ఉంది. నడుముకు తాడు. దాని రెండో కొస ఇనుప మంచం కోడుకు కట్టి ఉంది. ఒంటికి ఒరుసుకోకుండా తాడు చుట్టూ పాత చున్నీ చింపి చుట్టారు. చేతికి అందేంత దూరంలో చెంబెడు నీళ్లు, గిన్నెలో అన్నం, ఒక బిస్కెట్ పొట్లం. ఎంత జాగ్రత్తగా అమర్చారో చూస్తుంటే ఎస్తర్ ఒళ్లు జలదరించింది. పాప తల తిప్పి కిటికీ వైపు చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. మళ్లీ రాగం అందుకుంది.

ఎదురింటి మెట్ల మీద కూర్చున్న ముసలామె మాబున్ని కేక వేసింది. "ఎవురు కావల్ల మేడం? కౌసర్ సాయంత్రం గాని రాదు. ఆ మాట్లాడని పాప బడికి పోయింటాది."

కాలనీలో ఎవరికీ తెలియదన్నమాట. బిడ్డ ఇంకా బడికే పోతోందని కౌసర్ అందరికీ చెప్పుకుంటోంది. ఎస్తర్ తాను చూసింది చెప్పకుండానే వచ్చేసింది.

బస్టాండు దగ్గర నిలబడి కౌసర్ బస్సు దిగేదాకా చూసింది. పక్కకు పిలిచి, "కిటికీలోంచి చూసినా కౌసర్" అంది.

కౌసర్ ముఖం పాలిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎవురికన్నా చెప్పినారా?"

"ల్యా."

"చెప్పొద్దు మేడం. పోలీసోళ్లు బిడ్డను తీసుకపోతారంట. ఆయప్పకు కువైట్‌లో తెలిస్తే నన్ను చంపుతాడు." కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఒక్కసారిగా ఆమె గొంతు గట్టిపడింది. "మీ బడిలో పట్టుకునేకి మనిషి లేదంటిరి. నా ఇంట్లో మాత్రం యాడుండాది మనిషి? కట్టకపోతే బిడ్డ ఏట్లో తేల్తాది. పని మానుకుంటే ఇద్దరం పస్తుంటాం. మీరే చెప్పండి, ఏం జేయల్ల?"

ఎస్తర్ జీవరత్నం సారుతో మాట్లాడతానంది. ఆయనకు ఫోన్ చేసింది, పులివెందులలో మీటింగులో ఉన్నానన్నాడు. వచ్చే బుధవారం మాట్లాడుకుందామనుకుంది. చెబితే తల్లీబిడ్డలు విడిపోతారేమోనన్న భయం ఒకటి, చెప్పకపోతే ఏమవుతుందోనన్న భయం ఇంకొకటి. రెంటి మధ్యా ఆమె ఎవరికీ చెప్పలేదు.

బుధవారం రాకముందే వాన వచ్చింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మంగళవారం మధ్యాహ్నం ఏటికి పైన డ్యాం గేట్లెత్తారని కబురొచ్చి, బడికి సెలవిచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. ఎస్తర్ గొడుగు తెరుస్తుండగా మైకు కట్టిన ఆటో ఒకటి రోడ్డు మీద పోయింది. "ఏటిగడ్డ కాలనీ వాళ్లందరూ వెంటనే ఇళ్లు ఖాళీ చేసి మెరక మీదికి రావాలి. పశువులను విప్పి వదిలేయాలి..."

గొడుగు ఆమె చేతిలోంచి జారిపోయింది.

కౌసర్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అంగట్లో పనివాళ్ల ఫోన్లు పొద్దున్నే కౌంటరులో పెట్టించుకుంటారని కౌసర్ ఒకసారి చెప్పింది. మళ్లీ చేసింది. ఆ తర్వాత ఎస్తర్ పరిగెత్తింది. చెప్పులు బురదలో తెగిపోతే అక్కడే వదిలేసింది.

కాలనీ వాళ్లు మూటలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్ల గంపలు మోసుకుంటూ ఎదురొస్తున్నారు. వీధి మొదట్లో ఒక కానిస్టేబుల్ చేతులు అడ్డం పెట్టాడు.

"లోపల పాప ఉండాది!" అంది ఎస్తర్.

"అన్ని ఇండ్లూ చూసినాం మేడం. తలుపులు తట్టి అందర్నీ పంపించినాం. తాళాలేసిన ఇండ్లలో ఎవురుంటారు?"

"తాళమేసిన ఇంట్లోనే ఉండాది! కట్టేసి ఉండాది!"

అతనికి అర్థం కాలేదు. ఆమెకు పిచ్చిపట్టిందన్నట్టు చూశాడు. ఎస్తర్ అతని చేతి కింద నుంచి దూరి నీళ్లలోకి దిగింది. ఎర్రటి నీళ్లు ముందు పాదాలకు, తర్వాత పిక్కలకు, తర్వాత మోకాళ్లకు వచ్చాయి. ఆమెకు ఈత రాదు. చిన్నప్పటి నుంచీ ఏరంటే భయం. నీటి అడుగున నేల ఉందో లేదో తెలియని ఒక్కో అడుగూ వేస్తూ, ప్రభువా ప్రభువా అనడం తప్ప ఇంకే ప్రార్థనా గుర్తుకు రాలేదు.

బీరువాల వెల్డింగు షాపు నబీ రసూల్ మిషను భుజాన ఎత్తుకుని చివరగా బయటికొస్తున్నాడు. ఎస్తర్ అతని చొక్కా పట్టుకుంది.

"అన్నా, కౌసర్ ఇంట్లో మైమూన్ ఉండాది. తాళం పగలగొట్టల్ల."

"ఆ పాప బడికి పోలేదా?"

"నా బడికే గదన్నా వచ్చేది. రావడంల్యా. నేనే వద్దని రాసిచ్చినా."

నబీ రసూల్ మిషను పక్కింటి అరుగు మీద పడేసి, షాపులోంచి గడ్డపార తీసుకున్నాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచారు. కౌసర్ గుమ్మం దగ్గర నీళ్లు నడుము కింది దాకా ఉన్నాయి. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. ఫ్యాను లేదు. రాగం లేదు. గడ్డపార దెబ్బ ఒకటి పడింది, ఇంకొకటి పడింది. తాళం ఊడలేదు కానీ చట్రం నుంచి గొళ్లెం ఊడొచ్చింది. నీళ్లు ఎదురు తోస్తుంటే ఇద్దరూ తలుపుకు భుజాలు ఆనించి నెట్టారు.

మైమూన్ మంచం మీద కూర్చుని ఉంది. నీళ్లు పరుపు అంచును తాకుతున్నాయి. రెండు అరచేతులూ నీటి మీద చాచి, మెల్లగా తడుతూ, నోరంతా తెరిచి చప్పుడు లేకుండా నవ్వుతోంది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండడం ఎస్తర్ ఎన్నడూ చూడలేదు. ఆ నవ్వు చూసే ఆమెకు అసలైన వణుకు పుట్టింది. ఇంకాసేపటికి గొంతుదాకా వచ్చినా ఆ పిల్ల అట్లాగే నవ్వుతూ కూర్చుని ఉండేది. ఎవరినీ పిలిచేది కాదు.

తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. ఎస్తర్ గోళ్లు విరిగాయి, పళ్లతో లాగినా రాలేదు. "ఉండు మేడం, మంచమే లేపుతా" అని నబీ రసూల్ నీళ్లలో మునిగి మంచం కోడు కింద భుజం పెట్టి ఎత్తాడు. ఎస్తర్ తడుముకుంటూ తాడు ఉచ్చును కోడు కింది నుంచి లాగేసింది. పాపను చంకనెత్తుకుంది. వీధిలోకి రాగానే మైమూన్ నీళ్ల కోసం వెనక్కి విరుచుకుపడి గింజుకోసాగింది. చేపలా జారిపోతోంది. ఎస్తర్ మారు ఆలోచించకుండా వేలాడుతున్న తాడు కొసను తన మణికట్టుకు చుట్టుకుని బిగించింది. కిటికీలోంచి ఆ తాడును చూసి ఒళ్లు జలదరించిన మనిషి, గట్టుకు చేరేదాకా దాన్ని వదల్లేదు.

ఆ రాత్రికి కాలనీ వాళ్లకు బడిలోనే చోటిచ్చారు. కౌసర్ చీకటి పడే వేళకు వచ్చింది. పిల్లను ఒళ్లో వేసుకుని ఏడవను కూడా లేక బిగుసుకుపోయి కూర్చుంది. మాబున్ని వచ్చి, "నాకొక మాట చెప్పింటే పోయిండేదేంది కౌసర్, నా కండ్లముందరే గదా నీ ఇల్లు" అని, తన దుప్పటి తల్లీబిడ్డల మీద కప్పి పోయింది.

తర్వాతి సోమవారం పులివెందులలో వికలాంగ పిల్లలకు వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఇచ్చే శిబిరం పెట్టారు. ప్రత్యేక విద్య చూసే జిల్లా అధికారి అక్కడికే వస్తాడని జీవరత్నం సారు చెప్పాడు. ఎస్తర్ సెలవు పెట్టి కౌసర్‌ను, మైమూన్‌ను తీసుకుని బస్సెక్కింది. శిబిరంలో ఆ అధికారి ముందు నిలబడి ఆయాను మళ్లీ ఇమ్మని అడిగింది. ఆయన కసిరే మనిషి కాదు. కాగితాల గుట్ట వెనక అలసిపోయిన ముఖం.

"ఆయా పోస్టుకు ఈ ఏడు పైనుంచి మంజూరు రాలేదమ్మా. నేను యాడ తెచ్చేది?"

"పాపను బడిలో పెట్టుకోలేనని నేనే రాసిచ్చినాను సార్. అది వెనక్కి తీసుకుంటా."

ఆయన కళ్లజోడు తీశాడు. "ఆలోచించుకో. తీసుకున్నంక బిడ్డకేమన్నా అయితే బాధ్యత నీది. నీ సంతకమే ముందు చూస్తారు."

అది ఎస్తర్‌కు తెలుసు. కొన్ని వారాలుగా ఆమెకు తెలిసింది అదొక్కటే. లారీ కింది నీటి చుక్కలు కళ్లముందు కదిలాయి. "భయంగానే ఉండాది సార్. శానా భయంగా ఉండాది. కానీ నా భయం పోగొట్టుకునేకి ఆ బిడ్డను మంచానికి కట్టేయించినా నేను. కేంద్రం గదికి తాళం తియ్యండి. పట్టుకునేకి ఒక మనిషిని ఇయ్యండి. గేటుకు రెక్క పెట్టించండి. ఇవి లేకుండా ఇంటికి పంపిస్తే, ఆడ కూడా ఇవి లేవు సార్."

పక్కన నిలబడ్డ జీవరత్నం సారు గొంతు సవరించుకున్నాడు. "మూడు మండలాలు తిరుగుతాండా సార్. ఇట్ల తలుపులేసిన ఇండ్లు ఇంకా ఉండాయి. ఈయమ్మ ఇంటి మాదిరే కొన్నిటి తలుపు తట్టి తట్టి తిరిగి వచ్చినా."

అధికారి చేయగలిగింది కొంతే, ఆ కొంత చేశాడు. పెంచలమ్మ ఈ మధ్యే అదే బడిలో మరుగుదొడ్లు కడిగే పనికి కుదిరిందని తెలుసుకుని, ఆ పని అయ్యాక మధ్యాహ్న భోజనాల దాకా పాప దగ్గర ఉండొచ్చని హెడ్మాస్టరుకు ఫోన్‌లో చెప్పాడు. నోటిమాటే. ఆ తర్వాత ఆమె ఇంకో బడికి పోవాలి. గేటు సంగతి రాసుకున్నాడు. ఆయా పోస్టు కోసం మళ్లీ పైకి రాస్తానన్నాడు.

తిరుగు బస్సులో మైమూన్ కిటికీ ఊచలకు నుదురు ఆనించి నిద్రపోయింది. కౌసర్ చాలాసేపటికి అడిగింది. "మధ్యాహ్నం నుంచి ఎట్ల మేడం?"

"నేనుండా గదా" అంది ఎస్తర్.

మర్నాడు మైమూన్ బడికొచ్చింది. పెంచలమ్మను చూసి నవ్వలేదు, పలకరించలేదు. నేరుగా వెళ్లి ఆమె చిటికెన వేలు పట్టుకుంది. పొద్దుటి పూట సాఫీగా గడిచింది. భోజనాలయ్యాక పెంచలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఇంగ పోతా మేడమ్మా, జాగ్రత్త" అని గేటు దాటింది. గేటుకు ఇంకా ఒక రెక్కే ఉంది.

కాసేపటికి మైమూన్ లేచి తలుపు వైపు నడిచింది. ఎస్తర్ పిలవలేదు. పాఠం ఆపి, బల్లల మధ్య నుంచి వెళ్లి, గడప మీద ఆ పిల్ల పక్కన నిలబడి తన చిటికెన వేలు అందించింది. మైమూన్ దాన్ని చూసింది. పట్టుకోలేదు. చాలాసేపు రోడ్డు వైపే చూసింది. ఒక లారీ పోయింది, దాని వెనక బస్సు పోయింది. అప్పుడు, అటే చూస్తూ, ఆ వేలు అందుకుంది.

"రెండో ఎక్కం ఎవురు చెప్తారు?" అని ఎస్తర్ గడప మీది నుంచే పిల్లల్ని అడిగింది. పిల్లలంతా ఒక్కసారిగా అందుకున్నారు. సాయంత్రం గంట కొట్టేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.